అల్యూమినియం బోటులో ఫ్లోర్, ముందు డెక్: ఏది వాడాలి, ఏది కోయకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సెకండ్‌హ్యాండ్‌లో 14 అడుగుల అల్యూమినియం బోటు కొన్నారు. అడుగు సపాటుగా ఉంటుంది, మూడు అడ్డ సీట్లున్నాయి. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోటికి లోపలివైపు, ఉప్పునీరూ మంచినీరూ కలిసే దగ్గర గేలం వేస్తారు. రిబ్స్ (అడుగు రేకు మీద అడ్డంగా ఉండే బద్దలు) మీద నిలబడలేకపోతున్నారు కాబట్టి ఫ్లోర్ కావాలి, నిలబడి గేలం విసరడానికి ముందువైపు డెక్ (కాస్త ఎత్తులో చదునైన తట్టు) కావాలి. ప్లై షాపులో "మెరైన్ ప్లై కొనేయండి, ఇంకేం చూడక్కర్లేదు" అన్నారు. ఫైబర్ మేస్త్రి "కింద ఫోమ్ పోసి, పైన ప్లై పరిచి, రెజిన్‌తో సీల్ చేసేస్తాను, చుక్క నీరు దిగదు" అన్నాడు. మధ్య సీటు కోసేస్తే చోటు కలిసొస్తుందా అని కూడా అడిగారు.

నాది గాజువాక వైపు అల్యూమినియం ఫ్యాబ్రికేషన్ పని. రొయ్యల చెరువుల్లో మేత చల్లే పడవలు, బోటింగ్ వాళ్ళ పడవలు, మీలాగా సరదాకి గేలం వేసేవాళ్ళ బోట్లు మా షెడ్డుకి వస్తుంటాయి. కొత్త ఫ్లోర్లు వేయడం కన్నా, ఎవరో వేసినవి పీకి మళ్ళీ వేయడమే ఎక్కువ. అందుకే ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ఫ్లోర్‌కి 3 మి.మీ. అల్యూమినియం చెకర్డ్ షీటు (కాలు జారకుండా ఉబ్బు గీతలున్న రేకు), ముక్కలుగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తి తీసేలా. ముందు డెక్‌కి అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ఫ్రేమ్ మీద 12 మి.మీ. ప్లై, అన్ని వైపులా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే రెజిన్) పట్టించి. మధ్య సీటు కోయొద్దు. అడుగున ఫోమ్ పోయించొద్దు. పడవ ఒంటికి ఏదీ శాశ్వతంగా అతికించొద్దు.

మీ మేస్త్రి అన్న "చుక్క నీరు దిగదు" దగ్గరే నాకు పేచీ. దిగుతుంది. వాన పడుతుంది, చేప నీళ్ళతో పైకొస్తుంది, తడి కాళ్ళతో మనమే ఎక్కుతాం, అల ఒకటి అంచు దాటి పడుతుంది. సీల్ చేసిన ఫ్లోర్‌కి ఎక్కడో ఒక సన్నని చీలిక రాక తప్పదు, ఎందుకంటే పల్చటి అల్యూమినియం బోటు నీళ్ళలో కదిలినప్పుడల్లా కొంచెం వంగుతుంటుంది. ఆ చీలికలోంచి నీరు లోపలికి పోతుంది. బయటికి వచ్చే దారి మాత్రం ఉండదు.

అల్యూమినియం ఉప్పు గాలిలో కూడా బాగా నిలబడుతుంది. గాలి తగిలితే దాని మీద సన్నని ఆక్సైడ్ పొర దానంతట అదే ఏర్పడి కాపాడుతుంది. గీత పడినా మళ్ళీ పొర వచ్చేస్తుంది. అదే లోహాన్ని తడి చెక్క కిందో, తడి కార్పెట్ కిందో, నీరు పీల్చిన ఫోమ్ కిందో పెడితే గాలి అందదు, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. పొర చిరిగిన చోట మళ్ళీ కట్టుకోలేదు. అక్కడ గుంటలు పడటం మొదలవుతుంది, గుంట లోతుకి పోయి చివరికి సూది బెజ్జం అవుతుంది. బయట నుంచి చూస్తే బోటు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

ఒకాయన బోటు తెచ్చాడు, "ఎక్కడి నుంచి కారుతోందో తెలియడం లేదు" అని. పైన కార్పెట్, దాని కింద ప్లై, ప్లై చుట్టూ సిలికాన్. కార్పెట్ పట్టుకు లాగితే చేతికి బురదలా వచ్చింది. ప్లై పైపొర మీద గోరు పెడితే దిగిపోయింది. ప్లై ఎత్తేసరికి రిబ్‌కీ అడుగు రేకుకీ మధ్య తెల్లటి ముద్ద, తడిసిన సున్నంలా. దాన్ని గరిటెతో గీకితే మధ్యలో అరంగుళం రాగి తీగ ముక్క కనబడింది. ఎవరో లైటు వైరు కత్తిరించినప్పుడు పడి ఉంటుంది. ఆ ముక్క కింద, సరిగ్గా దాని పొడవునే, రేకు కొరికేసినట్టుంది. మధ్యలో వెలుతురు కనబడింది. ఉప్పునీరు తడిగా ఉన్నంతసేపూ రాగి, అల్యూమినియం కలిసి ఒక చిన్న బ్యాటరీ అయిపోతాయి, అందులో ఖర్చయ్యేది అల్యూమినియమే. ఫ్లోర్ ఎత్తగలిగేలా ఉండి ఉంటే ఆ ముక్కని మొదటి నెలలోనే ఊడ్చి పారేసేవాళ్ళు.

ఇక్కడే ప్లై షాపు మాటకి వస్తాను. మెరైన్ ప్లై మంచిదే. ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్నది కొంటే జిగురు విషయంలో బెంగ లేదు. 72 గంటలు నీళ్ళలో మరిగించాక కూడా పొరల పట్టు తగినంత ఉండాలన్నది ఆ ప్రమాణంలో పరీక్ష. కానీ ఆ ప్లై పుచ్చకుండా, చెదలు పట్టకుండా మందు పట్టిస్తారు, ఆ మందుల్లో ఎక్కువగా రాగి లవణాలే ఉంటాయి. ఇంట్లో కప్‌బోర్డుకి దాంతో ఏ నష్టం లేదు. అదే ప్లై తడిసి అల్యూమినియంకి ఆనుకుని కూర్చుంటే, పైన చెప్పిన తీగ ముక్క కథే షీటు వెడల్పున జరుగుతుంది. అందుకని ప్లై వాడితే మాత్రం పచ్చి చెక్క ఎక్కడా అల్యూమినియంని ముట్టుకోకూడదు. ఎపాక్సీ పొర ఒకటి, దాని కింద ప్లాస్టిక్ పట్టీ ఒకటి, రెండూ ఉండాలి. షాపులో "వాటర్‌ప్రూఫ్" అన్నారని ఐఎస్ 303 ప్లై తీసుకోకండి, అది ఇంటి సామానుకి.

మరి మొత్తం అల్యూమినియమే వేయొచ్చు కదా, డెక్‌కి ప్లై ఎందుకు? లెక్క చూడండి. 3 మి.మీ. అల్యూమినియం చదరపు మీటరుకి సుమారు 8 కిలోలు. 12 మి.మీ. మెరైన్ ప్లై కూడా చదరపు మీటరుకి ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోలే. అంటే 8×4 షీటు ఏదైనా పాతిక కిలోల దగ్గరే. చాలామంది "అల్యూమినియం తేలిక" అనుకుని వేస్తారు, ఆ మందంలో తేలికేం కాదు. వంగకుండా నిలబడటంలో మాత్రం తేడా చాలా ఉంది. అదే బరువుకి ప్లై నాలుగు రెట్లు మందం కాబట్టి అల్యూమినియం షీటు కన్నా చాలా రెట్లు బిగువుగా ఉంటుంది. 3 మి.మీ. షీటుకి కింద అడుగుకొక సపోర్టు కావాలి. 12 మి.మీ. ప్లైకి 40 సెంటీమీటర్లకొకటి చాలు.

ఫ్లోర్‌కి కింద రిబ్స్ ఎలాగూ ఉన్నాయి, అవే సపోర్టు. పైగా ఫ్లోర్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది, చెక్కకి అక్కడ బతుకు లేదు. కాబట్టి అక్కడ అల్యూమినియం. డెక్ ఎత్తులో ఉంటుంది, నీరు జారిపోతుంది, కింద ఖాళీ, ఫ్రేమ్ మనమే కట్టాలి. అక్కడ ప్లై వేస్తే ఫ్రేమ్‌లో అడ్డ ముక్కలు తగ్గుతాయి, కాలి కింద లొడలొడలాడదు. తర్వాత హ్యాచ్ (మూత ఉన్న కన్నం) కోసుకోవాలన్నా, రాడ్ హోల్డర్ బిగించుకోవాలన్నా ఇంట్లో జిగ్‌సా ఉంటే చాలు. బోటు రోజంతా సముద్రపు నీళ్ళలోనే కట్టి ఉంచే వాళ్ళయితే డెక్‌కి కూడా అల్యూమినియమే వేయమంటాను. మీరు ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుంటున్నారు కాబట్టి ప్లై చాలు.

షీటు కొనేటప్పుడు 5052 గ్రేడ్ అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. స్క్రాప్‌లో చవగ్గా మందపాటి ముక్కలు దొరుకుతాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. గ్రేడ్ తెలియకుండా తీసుకోవద్దు. విమానాల పనికి వాడే 2024 లాంటి రకాల్లో రాగి 4 శాతం దాటి ఉంటుంది. బలం ఎక్కువే, ఉప్పునీటికి మాత్రం పనికిరాదు. యాంగిల్స్‌కి మన దగ్గర కిటికీల పనికి దొరికే 6063 సరిపోతుంది, కాకపోతే గోడ మందం 3 మి.మీ. ఉండాలి. కిటికీ సెక్షన్లు చాలావరకు అందులో సగం మందం కూడా ఉండవు.

మధ్య సీటు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ బోట్లు ఇక్కడే పాడవుతున్నాయి.

ఆ అడ్డ సీటు కూర్చోవడానికి మాత్రమే పెట్టింది కాదు. రెండు పక్క గోడల్నీ పట్టి ఉంచే అడ్డకట్టు అదే. దాన్ని కోసేస్తే పక్కలు లోపలికీ బయటికీ ఆడటం మొదలవుతుంది. మొదట్లో తెలియదు. మోటారు పెట్టి స్పీడుగా వెళ్ళినప్పుడు అడుగు రేకు అలల మీద కొట్టుకుంటుంది, ఆ దెబ్బ రివెట్ల వరుస మీద పడుతుంది, రివెట్లు ఒక్కొక్కటే వదులవుతాయి. మా షెడ్డుకి వచ్చిన ఒక బోటులో మధ్య సీటు తీసేసి ఫ్రిజ్ సైజు ఐస్ బాక్స్ పెట్టారు. పక్క గోడ మీద చెయ్యి వేసి నొక్కితే అవతలి గోడ కదిలింది.

రెండో సంగతి, ఆ సీటు లోపల ఫోమ్ ఉంటుంది. బోటు నీళ్ళతో నిండిపోయినా మునగకుండా పట్టుకునేది అదే. సీటు లోపల సుమారు ఒక మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఫోమ్ ఉందనుకోండి. అది 90 లీటర్లు. అంటే 85 కిలోలకు పైగా తేల్చే శక్తి. సీటు కోసి పారేస్తే ఒక మనిషిని నీళ్ళలో మోసే శక్తిని పారేసినట్టే.

"ఆ ఫోమ్‌నే ఫ్లోర్ కింద పోయిస్తా కదా, లెక్క సరిపోతుంది" అంటారు. సరిపోదు. ఫోమ్ ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎక్కడ ఉందన్నది ఇంకో లెక్క. తేలే వస్తువు కిందా, బరువు పైనా ఉంటే, నీళ్ళు నిండిన బోటు బోర్లా పడటానికే చూస్తుంది. ఫోమ్ పక్క గోడల వెంట, పై అంచుకి దగ్గరగా ఉంటే బోటు నిండినా నిటారుగా ఉంటుంది, పట్టుకుని వేలాడొచ్చు. పైగా అడుగున పోసిన ఫోమ్ రిబ్స్ మధ్య నీటి దారుల్ని మూసేస్తుంది. పోసే ఫోమ్ ఏళ్ళు గడిచేకొద్దీ నీరు పీలుస్తుంది. పీల్చిన నీరు రేకుకి ఆనుకునే ఉంటుంది, బరువు కూడా మీరే మోస్తారు. థర్మోకోల్ పెట్టమని ఎవరైనా అంటే, అది పెట్రోలు పడితే కరిగిపోతుందని గుర్తుంచుకోండి. ఫైబర్ పనికి వాడే పాలిస్టర్ రెజిన్ తగిలినా కరిగిపోతుంది.

మధ్యలో నడవడానికి దారి తప్పనిసరి అనుకుంటే, సీటు మధ్యభాగం మాత్రం రెండడుగుల వెడల్పున తీసి, రెండు పక్కలా పెట్టెల్లా మిగిల్చి, కోసిన చోట నిలువు పలకలు రివెట్ చేసి, అడుగున ఒక మందపాటి చానెల్‌తో రెండు పెట్టెల్నీ కలపాలి. తీసిన ఫోమ్ ఎంతో అంతా పక్క గోడల వెంట పైన సర్దాలి. చేయొచ్చు. కానీ మీకు ఆ అవసరం ఉన్నట్టు నాకు అనిపించలేదు. 14 అడుగుల బోటులో ఇద్దరు గేలం వేస్తే ఒకరు ముందు, ఒకరు వెనక. మధ్య సీటు మీద సామాను.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష ఉంది, దాన్ని దాటేయకండి. ఫ్లోర్ వేశాక కారుడు కనిపెట్టడం నరకం. బోటుని ట్రైలర్ మీద నుంచి దించి, అడుగు పొడవునా చెక్క దిమ్మెలు సమంగా పెట్టి నిలబెట్టండి. లోపల ఊడ్చి, కడిగి, బయట పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. అప్పుడు లోపల నీళ్ళు పోయండి, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు చాలు. నిండా పోస్తే తొందరగా తెలుస్తుంది కదా అనుకోవద్దు. ఈ సైజు బోటులో 10 సెంటీమీటర్లు నింపితే దాదాపు అర టన్ను. కింద సపోర్టు లేని రేకు వంగిపోతుంది. అరగంట ఆగి కింద పడుకుని టార్చితో చూడండి, చెమ్మ కనబడిన ప్రతి రివెట్ చుట్టూ మార్కర్‌తో గుండ్రం గీయండి. వదులైన గట్టి రివెట్లని అవతల ఇనుప దిమ్మె ఆనించి ఇవతల సుత్తితో దించితే చాలావరకు బిగుస్తాయి. బిగియనివి తీసేసి, మూతి మూసి ఉండే రకం అల్యూమినియం రివెట్‌ని పీయూ (పాలియురెథేన్) సీలెంట్ పూసి కొట్టాలి. మామూలు పాప్ రివెట్ మధ్యలోంచి నీరు వస్తుంది, పైగా వాటిలో చాలావాటికి లోపలి పుల్ల ఇనుముది, తుప్పు పడుతుంది.

ఫ్లోర్ కొలతకి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. ఫ్రిజ్‌దో వాషింగ్ మెషీన్‌దో అట్టపెట్టె తెచ్చి రిబ్స్ మీద పరిచి కత్తిరించుకోండి. ముందు, మధ్య, వెనక, మూడు ముక్కలు చేయండి. ఒక మనిషి ఒక ముక్కని ఎత్తగలగాలి. పక్క గోడకి బిగుతుగా ఆనించొద్దు, చుట్టూ ఒక సెంటీమీటరు ఖాళీ వదిలితే నీరు కిందికి జారుతుంది. వెనక ముక్కలో డ్రెయిన్ ప్లగ్ (నీరు వదిలే బిరడా) పైన చెయ్యి పట్టేంత కన్నం ఉండాలి, లేదా ఆ ముక్క స్క్రూలు లేకుండా ఊరికే కూర్చోవాలి. రిబ్స్‌కి అడుగున నీరు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, అవి మూసుకుపోయి ఉంటే ఇప్పుడే పొడిచి తెరవండి.

రిబ్‌కీ షీటుకీ మధ్య 3 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పట్టీ వేయండి. చెక్క వద్దు, రబ్బరు వద్దు, కార్పెట్ ముక్కలు అసలే వద్దు. ఈ పట్టీ రాపిడిని ఆపుతుంది, చప్పుడు కూడా తగ్గిస్తుంది. అల్యూమినియం మీద అల్యూమినియం తగిలితే ప్రతి అడుగూ డప్పు కొట్టినట్టు నీళ్ళలోకి వినబడుతుంది. లోతు తక్కువ ఉన్న చోట ఆ చప్పుడుకి చేపలు నిలవవు.

పడవ అడుగు రేకుకి మీరు కొత్తగా ఒక్క కన్నం కూడా పెట్టకూడదు. ఫ్రేమ్ అంతా ఉన్న రిబ్స్ మీద, సీటు నిలువు పలకల మీద, పై అంచుకి దగ్గరగా పక్క గోడల్లో మాత్రమే పట్టాలి. వెల్డింగ్ చేయిస్తానంటారేమో. ఈ సైజు బోట్లలో రేకు సాధారణంగా రెండు మిల్లీమీటర్లలోపే ఉంటుంది, దాన్ని టిగ్ వెల్డింగ్‌తో పట్టడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. గ్రిల్స్, గేట్లు చేసే వాళ్ళకి ఇవ్వకండి, కన్నం పడిందంటే ప్యాచ్ మీద ప్యాచ్. మీ పనికి రివెట్లు, బోల్టులు చాలు.

బోల్టుల విషయంలో మోసపోకుండా చూసుకోండి. కౌంటర్లో "ఎస్‌ఎస్" (స్టెయిన్‌లెస్ స్టీల్) అని ఇచ్చేవాటిలో 202 రకం చాలా ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూశాం, అంటుకోలేదు కాబట్టి మంచిదే అనుకుంటారు. 202 కూడా అయస్కాంతానికి అంతగా అంటుకోదు, ఆ పరీక్షతో తేలదు. భీమిలి గాలికి అది టీ రంగు మరకలు పట్టి తర్వాత తుప్పు దిగుతుంది. బోల్టు తల మీద ఎ4 అని అచ్చు ఉన్నవి అడగండి, అవి 316 రకం. తల కింద నైలాన్ వాషర్, మర మీద కొంచెం పీయూ సీలెంట్ గానీ, మెరైన్ గ్రీజు గానీ రాయండి. మెకానిక్‌లు వాడే కాపర్ గ్రీజు మాత్రం వద్దు, ఎందుకో ఇప్పటికి తెలిసే ఉంటుంది. ఇత్తడి స్క్రూలు, ఇత్తడి కీలు కూడా అంతే.

డెక్ ఫ్రేమ్ 38×38 యాంగిల్‌తో కట్టండి, మీటరుకి 600 గ్రాములే బరువు. ముందు సీటు పైభాగం నుంచి బోటు మొన వరకు ఒకే మట్టం. డెక్ ఎత్తు సీటు ఎత్తుని దాటకూడదు. ఎత్తు పెంచితే గేలం దూరం వెళ్తుందని, కింద స్టోరేజీ పెద్దదవుతుందని ఆశ పడతారు. మీరు 75 కిలోలు అనుకుంటే, బోటూ మోటారూ సామానూ అన్నీ కలిపినా మీ ఒక్కరి బరువూ అందులో పెద్ద వాటా. ఆ బరువుని పైకి లేపిన ప్రతి అంగుళమూ బోటు నిలకడ నుంచి తగ్గుతుంది. డెక్ మీద నిలబడినప్పుడు పక్క అంచు మీ పిక్కకి తగలాలి. పాదం పక్కన అంచు ఉంటే, పెద్ద చేప లాగినప్పుడు మీరు నీళ్ళలోనే. మొత్తం బోటు పొడవునా డెక్ వేసిన వీడియోలు చూసి ఉంటారు, అవి ఎక్కువగా వెడల్పాటి బోట్లు, అలల్లేని చెరువులు. మీది నదీ ముఖద్వారం, ఆటుపోట్ల లాగుడు ఉంటుంది, అప్పుడప్పుడు ఇసుక తిన్నె దాటి అల లోపలికి వస్తుంది.

ఇక ఎపాక్సీ. ప్లైని కొలతకి కోసి, బోల్టు కన్నాలు, హ్యాచ్ కన్నం అన్నీ పెట్టాకే పూత మొదలుపెట్టాలి. ప్లై నీరు తాగేది అంచుల్లోంచి, కన్నాల్లోంచి. ముఖం మీద రెండు కోట్లు వేస్తే అంచులకి నాలుగు వేయండి. బోల్టు 6 మి.మీ. అయితే కన్నం 10 మి.మీ. పెట్టి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 6 మి.మీ. డ్రిల్ చేయండి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీయే ఉంటుంది, చెక్క ఉండదు. విసుగు పనే, కానీ డెక్ బతికేది ఇక్కడే.

విశాఖ చెమ్మతో ఒక ఇబ్బంది ఉంది. ఎపాక్సీ ఆరేటప్పుడు గాలిలో తేమ ఎక్కువుంటే పైన జిడ్డు పొర వస్తుంది. దాని మీద రెండో కోటు వేస్తే పట్టదు, కొన్నాళ్ళకి పొలుసులా లేస్తుంది. ఆ జిడ్డు ఇసుక కాగితంతో పోదు, ఇంకా లోపలికి రుద్దినట్టవుతుంది. మామూలు నీళ్ళతో, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో కడిగి, తుడిచి, ఆరాక అప్పుడు ఇసుక కాగితం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి మంచి రోజులు, మంచు పడకుండా షెడ్డు లోపల చేసుకుంటే. మధ్యాహ్నం దాటి చెక్క చల్లబడేటప్పుడు పూయండి. పొద్దున పూస్తే ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి బయటికొచ్చి బుడగలు కడుతుంది. చివరగా పైన పెయింటు తప్పనిసరి, ఎపాక్సీ ఎండకి తట్టుకోదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో హార్బర్ దగ్గర మేస్త్రీలు, మెకానిక్‌లు అందరూ పెద్ద బోట్ల రిపేర్లలో ఉంటారు. అప్పుడు మీ చిన్న పనికి ఎవరూ దొరకరు.

మీ ఫైబర్ మేస్త్రిని నేను తక్కువ చేయడం లేదు. ఫైబర్ తెప్పలు చేయడంలో మన తీరం వాళ్ళ చెయ్యి మంచిది. కానీ వాళ్ళు వాడేది పాలిస్టర్ రెజిన్. అది ఫైబర్ మీద ఫైబర్‌కి బాగా పడుతుంది. అల్యూమినియం మీద పట్టు నిలవదు. ఎండకి లోహం ఒక లెక్కన సాగుతుంది, ఫైబర్ ఇంకో లెక్కన. మధ్యలో పొర విడిపోయి, అందులోకి నీరు చేరి, మళ్ళీ మొదటికి. డెక్ ప్లై మీద గ్లాస్ మ్యాట్ (గాజు నార పరుపు) వేయించుకోవాలనుకుంటే వేయించండి, ఎపాక్సీతో, బోటు బయట, బల్ల మీద. తర్వాత బోల్టులతో బిగించండి.

పైన కార్పెట్ వద్దని వేరే చెప్పక్కర్లేదు. చెకర్డ్ షీటు మే నెలలో కాలు పెట్టనివ్వదు కాబట్టి డెక్ మీద, ఫ్లోర్‌లో నిలబడే చోట లేత రంగు ఈవీఏ ఫోమ్ షీటు అతికించండి. నీరు పీల్చదు, కాలు జారదు, చప్పుడు మింగుతుంది. నల్లటిది తీసుకుంటే షీటు కన్నా ఎక్కువ కాలుతుంది.

పెట్రోలు ట్యాంకు డెక్ కింద మూసిన చోట పెట్టొద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, అడుగుకి చేరి అక్కడే ఉంటుంది, పక్కనే బ్యాటరీ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ట్యాంకు వెనక, గాలి తగిలే చోట. బ్యాటరీ బరువు కాబట్టి దాన్ని మధ్య సీటు దగ్గర కింద పెట్టెలో బెల్టుతో కట్టండి. వైరు తగరం పూత ఉన్నది వాడండి. నెగటివ్‌ని కూడా వైరుతోనే బ్యాటరీకి తేవాలి, బైకు మీద చేసినట్టు బాడీకి ఎర్త్ ఇవ్వకూడదు. ఇస్తే అడుగు రేకుని మనమే కరిగిస్తున్నట్టు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే. వైరు ముక్కలు కత్తిరించే పని బోటు బయటే చేయండి.

అంతా అయ్యాక మొదటిసారి నడుము లోతు నీళ్ళలో, అలల్లేని చోట దించండి. లైఫ్ జాకెట్లు వేసుకుని ఇద్దరూ డెక్ మీద ఒకే పక్కకి జరగండి. పక్క అంచు నీటికి ఒక జానెడు కన్నా దగ్గరకొస్తే డెక్ ఎత్తు తగ్గించాలి, లేదా డెక్ మీద ఒక్కరే నిలబడాలని ఖాయం చేసుకోవాలి. తర్వాత వెనక ఫ్లోర్ ముక్క ఎత్తి చూడండి. ప్రతిసారీ ఇంటికొచ్చాక కూడా ఆ ముక్క ఎత్తి, మంచినీళ్ళతో అడుగు కడిగి, ప్లగ్ తీసి, మొన పైకి ఉండేలా ట్రైలర్‌ని వాల్చి వదిలేయండి.

మీ బోటు రిబ్స్ మధ్య దూరం, అడుగు నుంచి పక్క అంచు ఎత్తు, లోపలి వెడల్పు కొలిచి ఇక్కడ రాయండి. సీట్ల కింద పలకలు కనబడేలా రెండు ఫోటోలు పెడితే ఫ్రేమ్ ముక్కలు ఎన్ని, ఎంత పొడవు కోయించాలో చెప్తాను. ఈలోగా షీటు కొనేయకండి.